బెత్తెడు గాటు

"తాతకు దగ్గులు నేర్పుతారట!" అన్నాడు చిన్నగాటు డాక్టరు, శిక్షణకు వెళ్ళమన్న కాగితం చేతికి రాగానే. అని ఊరుకోలేదు. ఆ మాట వార్డులో నర్సులకు చెప్పాడు, క్యాంటీన్లో చెప్పాడు, ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా మనుషుల్ని కోసి, కుట్టి, నడిపించి పంపుతున్న తనకు, ప్రమాదంలో దెబ్బలు తిన్నవాళ్ళకు ఆపరేషన్ ఎలా చేయాలో మూడు రోజుల్లో నేర్పుతారట.

"పోనీ, వెళ్ళి దగ్గి రండి" అంది భార్య.

చిన్నగాటు అన్న పేరు అతనికి రోగులు పెట్టింది. ఇంకొకరు జానెడు కోసే చోట అతను బెత్తెడు కోస్తాడు. నాలుగు వేళ్ళ సందులోంచి లోపల చేయాల్సిందంతా చేసేసి, దారం కూడా కనబడకుండా కుట్టేస్తాడు. ఒకసారి ఓ తల్లి తన కూతురి పొట్ట అటూ ఇటూ చూసి, "ఆపరేషన్ చెయ్యకుండానే చేశామంటారా? మమ్మల్ని ఏమనుకున్నారు?" అని వార్డు పీకి పందిరేసింది. ఈ కథ అతను ఎన్ని విందుల్లో చెప్పాడో లెక్కలేదు. ఎక్కడ నవ్వాలో భార్యకు కంఠతా వచ్చు. ఒక్కోసారి త్వరగా అయిపోతుందని ముందే నవ్వేస్తుంది.

అతను పనిచేసే ఆసుపత్రి పెద్ద రోడ్డు పక్కన ఉంది. లారీలు గుద్దుకున్నా, గోడలు కూలినా ముందు అక్కడికే తెస్తారు. ప్రమాదాల కోసమే ఒక కొత్త వార్డు కట్టారు, మంచాలు వేశారు, ఫ్యాన్లు కూడా బిగించారు. కానీ ఈ శిక్షణ పూర్తిచేసిన సర్జన్ ఒక్కరైనా లేనిదే దాని తలుపు తెరవడానికి వీల్లేదని పైవాళ్ళు తేల్చి చెప్పారు. గొణుక్కుంటూనే అతను సంచి సర్దుకున్నాడు.

శిక్షణ వేరే ఊళ్ళో, ఒక వైద్య కళాశాలలో. మెట్లు మెట్లుగా కుర్చీలున్న హాలు, ఇరవై నలుగురు డాక్టర్లు. పక్క కుర్చీలో ఎముకల డాక్టరొకడు కూర్చున్నాడు. ఎంత భారీ మనిషంటే, అతనికీ కుర్చీ చేతులకీ మధ్య గాలి కూడా దూరదు. "బిస్కట్లు ఎన్నింటికిస్తారంటారు?" అన్నదే అతను పలికిన మొదటి మాట. వేదిక మీదికి శిక్షణ ఇచ్చే సర్జన్ వచ్చింది. ఆమెను చూసి మన డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. పదిహేనేళ్ళ కిందట తన దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్న శిష్యురాలు! "ఏమిటమ్మాయ్, గునపం పట్టినట్టు పట్టుకున్నావ్?" అని తన చేత రోజూ చీవాట్లు తిన్న మనిషి. ఇప్పుడు చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టి, "నమస్కారం సార్" అని మైకులోనే అనేసింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అతనికి కాస్త గర్వంగా, ఇంకాస్త ఇబ్బందిగా అనిపించింది.

మొదటి పాఠమే మోకాలి కింది కాలు గురించి.

"ఇక్కడ కండరాలు నాలుగు గదుల్లో ఉంటాయి" అంది శిష్యురాలు. "ఒక్కో గదికి సాగని పొర గోడ. కాలు బరువు కింద నలిగితే కండరం ఉబ్బుతుంది, గోడ మాత్రం సాగదు. లోపల రక్తం ఆడదు. కాబట్టి నాలుగు గోడలూ నిలువునా చీల్చాలి. ఆరు గంటల్లోపు చీలిస్తే చాలావరకు కాలు దక్కుతుంది."

ఇవన్నీ అతనికి తెలిసినవే. కుర్చీ గుడ్డలోంచి ఊడిన దారప్పోగుతో ముళ్ళు వేస్తూ కూర్చున్నాడు. ఖాళీగా ఉంటే సర్జన్ల చేతులు చేసే పని అదే.

"ఇన్ని తెలిసి కూడా కాళ్ళు ఎందుకు పోతున్నాయో చూస్తే, మన తప్పులు రెండే. ఒకటి, వెనక లోతుగా ఉన్న నాలుగో గది తెరవకపోవడం. రెండు, గాటు పొట్టిగా పెట్టడం. మచ్చ పెద్దదవుతుందని జాలిపడి బెత్తెడు కోస్తాం. జాలి పడాల్సింది మచ్చ మీద కాదు, కాలి మీద."

హాల్లో చిన్నగా నవ్వారు. అతని చేతిలో దారం పుటుక్కున తెగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా తనను చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. ఎముకల డాక్టరు కునుకు తీస్తున్నాడు.

అతనికి గుర్తొచ్చింది ఒకే ఒక్క కాలు.

మూడేళ్ళ కిందటి మాట. ఆ కాలు ఒక ఆడమనిషిది. గోడలకు రంగులు వేసేది. ఒక నిచ్చెన మీద నిలబడి, వీధి చివర నిచ్చెన మీదున్న వాళ్ళతో పోట్లాడగల గొంతు. ఒకరోజు గోదాము ఇనప గేటు ఊడి ఆమె కాలి మీద పడింది. భర్తది పక్క వీధిలో పంక్చర్ల దుకాణం. అతను పరుగున వచ్చి, గేటు ఎత్తడానికి నలుగుర్ని పోగుచేసి, ఆమెను పడుకోబెట్టే బండి కోసం వీధి వీధీ తిరిగి, ఆసుపత్రికి తెచ్చేసరికి రెండు గంటలైంది. డాక్టరు ఆలస్యం చేయలేదు, వెంటనే కాలికి రెండు వైపులా రెండు గాట్లు పెట్టి గదులు తెరిచాడు. అయినా మూడో రోజుకు పాదం నల్లబడింది. ఐదో రోజు మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది.

ఆపరేషన్ గది బయట ఆమె భర్త, తల్లి, ఇద్దరన్నలు నిలబడి ఉన్నారు. "ఎందుకిలా అయింది సార్?" అని తల్లి అడిగింది. అతను మాస్కు దించుకుంటూ, "రెండు గంటలు ఆలస్యమైంది కదమ్మా. ముందే తెచ్చుంటే దక్కేది" అన్నాడు. అబద్ధమని తెలిసి అన్నమాట కాదు. అలసిపోయి ఉన్నాడు, ఏదో ఒకటి చెప్పాలి, నోటికి అదే వచ్చింది. చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆ మాట ఆ ఇంట్లో కాపురం పెట్టింది. తల్లి ఆ రోజు నుంచి అల్లుడితో మాట్లాడటం మానేసింది. అన్నలు గుమ్మం తొక్కడం మానేశారు. కూతురు మాత్రం మాట్లాడటం మానలేదు, అదే ఆ భర్తకు పెద్ద కష్టం. పెట్టుడు కాలు పెట్టించుకున్నాక డాక్టరే పైవాళ్ళతో చెప్పి ఆమెకు ఆసుపత్రి టోకెన్ల కిటికీ దగ్గర ఉద్యోగం వేయించాడు. ఇప్పుడు అందరూ ఆమెను టోకెనమ్మ అంటారు. రోజూ పొద్దున భర్త స్కూటరు మీద తెచ్చి దించుతాడు. "ఇప్పుడు దొరికింది ఈయనకి బండి!" అని వరసలో ఉన్నవాళ్ళంతా వినేలా అంటుంది. ఆ మనిషి పల్లెత్తు మాట అనడు. ఆమె చేతికర్ర అందించి, తల వంచుకుని వెళ్ళిపోతాడు. ఇదంతా చూసి డాక్టరు ఎన్నోసార్లు "పాపం" అనుకున్నాడు కూడా. డాక్టరు కనబడితే మాత్రం టోకెనమ్మ పనాపి లేచి నిలబడి చేతులు జోడిస్తుంది. "మీ చలవ వల్ల ప్రాణమన్నా మిగిలింది సార్" అంటుంది.

ఆరు గంటల్లోపు అయితే దక్కుతుందట. వాళ్ళు వచ్చింది రెండు గంటలకే. ఈ లెక్క అతనికి అప్పుడూ తెలుసు. మరి ఆ మాట ఎలా అన్నాడు?

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్తే అతను వరండాలోకి పోయి తన ఆసుపత్రి రికార్డు గదికి ఫోన్ చేశాడు. గుమాస్తా నోట్లో ముద్ద పెట్టుకునే మాట్లాడాడు. తిట్టుకుంటూ వెళ్ళి, పావుగంటకు ఫైలు పట్టుకొచ్చాడు.

"గాటు పొడవు ఎంతని రాశానో చూడవయ్యా."

"మీ రాత మీకే తెలియాలి సార్. ఎనిమిది సెంటీమీటర్లా, ఎనభయ్యా?"

"ఎనభై అయితే నడుం దాకా పోతుందయ్యా. ఎనిమిది."

"అయితే రెండూ ఎనిమిదే సార్."

"నాలుగు గదులూ తెరిచామని ఉందా?"

"ఆ... ఉంది సార్. నాలుగూ తెరిచాం అని రాసి కింద గీత కూడా గీశారు."

హమ్మయ్య అనుకున్నాడు. గాటు పొట్టిదే కావచ్చు, గదులు నాలుగూ తెరిచాడు కదా. చర్మం కింద నుంచి కత్తెర జరిపి పొర చీల్చడం తనకు వెన్నతో పెట్టిన విద్య. ఇలా అనుకున్నాక మనసు కుదుటపడాలి. పడలేదు. మధ్యాహ్నం పాఠాల్లో రెండుసార్లు లేచి బయటికి వెళ్ళాడు. ఎముకల డాక్టరు అతని వైపు వంగి, "ప్రోస్టేటా?" అని సానుభూతిగా అడిగాడు.

సాయంత్రం లాడ్జి గదిలో మంచానికీ కిటికీకీ మధ్య ఆరడుగుల జాగా ఉంటే, ఆ ఆరడుగుల్లోనే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. భార్య ఫోన్ చేసింది.

"చెప్పుల చప్పుడు వినబడుతోంది. ఏమైంది?"

అతను మొత్తం చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆమె ఆలోచిస్తోందని అర్థం, అది అతనికి ఎప్పుడూ భయమే.

"తెరిచారో లేదో మీకు ఖాయంగా తెలీదు కదా?" అంది చివరికి.

"తెలీదు."

"అయితే ముందు తెలుసుకోండి. తెలీకుండా గదిలో తిరిగితే చెప్పులే అరుగుతాయి."

రెండో రోజు ప్రయోగశాల. చలి, మందు వాసన, ఉక్కు బల్లలు, వాటి మీద వైద్యవిద్య కోసం దానమిచ్చిన దేహాలు. మొదలుపెట్టే ముందు అందరూ ఒక నిమిషం తలలు వంచి నిలబడ్డారు. అతని బల్ల మీద ఉన్నది ఎనభై ఏళ్ళ ముసలాయన దేహం. పొద్దుటి పూటంతా అతని చేతులు మహా చక్కగా ఆడాయి. పగిలిన కాలేయం చుట్టూ గుడ్డలు కుక్కి రక్తం ఆపడం, తెగిన రక్తనాళంలో గొట్టం పెట్టి ముడి వేయడం, అన్నీ అందరికంటే ముందే ముగించాడు. పక్క బల్లల కుర్ర డాక్టర్లు వచ్చి నిలబడి చూశారు. మామూలుగా అయితే ఆ పూట కూతురి పొట్ట చూసిన తల్లి కథ రెండుసార్లు వచ్చి ఉండేది. రాలేదు.

మధ్యాహ్నం కాళ్ళ వంతు.

"కుడి కాలు మీరు చూసుకోండి, ఎడమది నేను చేస్తాను" అన్నాడు ఎముకల డాక్టరుతో. టోకెనమ్మకు పోయిందీ ఎడమ కాలే. కొలబద్ద పెట్టి ఎనిమిది సెంటీమీటర్లు గీత గీశాడు, రెండు వైపులా. మూడేళ్ళ కిందట చేసింది చేసినట్టే చేయాలని నిశ్చయించుకున్నాడు, ఒక్క వేలు తేడా లేకుండా. చర్మం కోశాడు. కత్తెర చర్మం కిందికి పోనిచ్చి పైకీ కిందికీ జరిపాడు. బయటివైపు గాటులోంచి రెండు గదులు, లోపలివైపు గాటులోంచి రెండు. కత్తెరకు పొర తెగుతున్న ఆ సన్నని గరగర చేతికి తెలుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఎముకల డాక్టరు కుడి కాలిని మోకాలి నుంచి చీలమండ దాకా బస్తా విప్పినట్టు విప్పి పెట్టాడు.

"అబ్బ, మీది చూస్తే నాది కసాయి పనిలా ఉందండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

శిష్యురాలు వచ్చింది. గాట్లు చూసింది. చేతులు కట్టుకుని నిలబడింది. ఒకప్పుడు తన చీవాట్ల కోసం ఆమె ఇలాగే నిలబడేది.

"నాలుగూ తెరిచాను. చూసుకో అమ్మాయ్" అన్నాడు.

"గాటు పొడిగించమంటారా సార్?"

"పొడిగించు."

ఆమె కత్తి తీసుకుని మోకాలి కింది నుంచి చీలమండ పైదాకా ఒక్క గీతలో తెరిచింది. లోపలివైపు కండరాన్ని ఎముక మీది నుంచి పక్కకు తప్పించింది. దీపం దించి, చేత్తో చూపించింది. అక్కడ నాలుగో గది గోడ తెల్లగా నిగనిగలాడుతూ ఉంది. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు.

"ఇది మూసే ఉంది సార్. మీరు మూడో గదినే రెండు చోట్ల తెరిచారు. ఇంత సందులోంచి చూస్తే రెండోసారి తెరిచింది నాలుగోదే అనిపిస్తుంది."

అతను ఆ పొర మీద వేలు పెట్టి నొక్కాడు. గట్టిగా ఉంది. ఇంకోసారి నొక్కాడు. మూడేళ్ళ కిందట ఒక ఆడమనిషి కాలిలో ఈ గోడ ఇలాగే మూసి ఉండి, లోపల కండరం రెండు రోజులు ఊపిరాడక చచ్చింది. పైన తను నాలుగూ తెరిచామని రాసి కింద గీత గీశాడు. అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఎముకల డాక్టరు తన బరువు మరిచిపోయి గబుక్కున స్టూలు తెచ్చి వేశాడు.

టీ వేళకు శిష్యురాలు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. అతను వెనక మెట్ల మీద కూర్చుని, లేచి, నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చుంటున్నాడు. ఏమీ దాచకుండా చెప్పాడు, ఆపరేషన్ గది బయట అన్న మాటతో సహా.

"నాదీ ఒకటుంది సార్" అంది ఆమె, కప్పు రెండు చేతులతో పట్టుకుని. "మీ దగ్గర నుంచి వెళ్ళిన రెండో ఏడు. ఒక లారీ డ్రైవరు. అచ్చం మీలాగే కోశాను. మీరు నేర్పినట్టే."

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. తన చేతులతో పోయింది ఒక కాలే అనుకున్నాడు ఇంతసేపూ. ఎంతమంది శిష్యులు తన దగ్గర బెత్తెడు కోయడం నేర్చుకుని ఎన్ని ఊళ్ళకు వెళ్ళారో లెక్కపెట్టబోయి, భయమేసి ఆగిపోయాడు.

"ఆ డ్రైవరుకు చెప్పావా?"

"లేదు సార్. ఊరు మారాను. ఇదిగో, ఈ పాఠం చెప్తున్నాను. ఏడాదికి నాలుగుసార్లు చెప్తాను, ఎనిమిదేళ్ళ నుంచి." టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టింది. "మీరూ చెప్పకండి. చెప్తే కాలు రాదు కదా. మీ ఉద్యోగం పోతే ఆ కొత్త వార్డు తలుపు ఎవరు తెరుస్తారు? ఆ రోడ్డు మీద రేపు పడేవాళ్ళను ఎవరు చూస్తారు?"

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. అదే అతనికి పంటి కింద రాయిలా తగిలింది.

మూడో రోజు పరీక్షలో అతనికి మళ్ళీ కాలే వచ్చింది. జానకు పైన కోశాడు. ఇరవై ఆరేళ్ళలో అంత పొడవున కోయడం అదే మొదటిసారి. చెయ్యి వద్దు వద్దంటున్నా కోశాడు. నాలుగో గది తెరిచి, తెరిచినట్టు వేలు పెట్టి చూసి, మళ్ళీ చూశాడు. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్టు ఇచ్చారు. ఎముకల డాక్టరు వాటేసుకున్నంత పనిచేసి, "చిన్నగా కోయడం చేతకాదని ఇన్నాళ్ళూ తెగ కుమిలిపోయానండీ" అన్నాడు సంతోషంగా.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడన్నమాటే గానీ, ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. చెప్పకపోవడానికి అతనికి కారణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవన్నీ మంచి కారణాలే. వార్డు తెరవాలి. రోగులున్నారు. పాత పుండు కెలకడం ఎందుకు? ఆమెకు తన మీదున్న నమ్మకం పోతే ఇంకెవర్ని నమ్ముతుంది? ప్రతిదానికీ తల ఊపుతూ వచ్చాడు. కానీ ఏ కారణం దగ్గరా ఆ పంక్చర్ల మనిషి కనబడలేదు. ఏ వాదనలోనూ అతనికి చోటు లేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే తను బతికిపోతాడు. ఏమీ దొంగిలించని మనిషి మాత్రం రోజూ చేతికర్ర అందిస్తూ, తిట్లు తింటూ, తల వంచుకుని వెళ్తూనే ఉంటాడు.

ఇంట్లో సంచి దించుతుంటే భార్య అడిగింది.

"తెలిసిందా?"

"తెలిసింది. నేనే."

"పొద్దున్నే చెప్పేయండి. మధ్యాహ్నం దాకా ఆగితే మీరు చెప్పరు, నాకు తెలుసు" అంది. తర్వాత, "ఉద్యోగం సంగతి అప్పుడు చూద్దాం" అంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం అతని వైపు చూడకుండా సంచి విప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు ఎనిమిదింటికి ముందే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. కాపలాదారు లేచి సలాం చేసి, పెద్ద డాక్టరు గేటు దగ్గరెందుకు నిలబడ్డాడో తెలియక, కూర్చోలేక అవస్థపడ్డాడు. స్కూటరు వచ్చి ఆగింది. టోకెనమ్మ దిగుతూనే మొదలుపెట్టింది.

"గుంటలన్నీ వెతికి వెతికి ఎక్కించాడు సార్ ఈయన. ఒక కాలు పోయింది చాలదన్నట్టు..."

"ఇద్దరూ నా గదిలోకి రండమ్మా" అన్నాడు డాక్టరు.

"ఇద్దరమా? ఈయనెందుకు సార్?"

"ఆయనే ముఖ్యం."

గదిలో ఆమె కుర్చీలో కూర్చుంది. భర్త కూర్చోమన్నా కూర్చోలేదు. పాత టైరు నలుపు గోళ్ళలో ఇంకిన చేతులు వెనక కట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. డాక్టరు బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నీ కాలు పోయింది ఆలస్యం వల్ల కాదమ్మా. నా వల్ల" అన్నాడు.

ఆమె నవ్వింది. "అదేంటి సార్, పొద్దున్నే..."

అతను బల్ల ముందుకొచ్చి, తన ప్యాంటు ఎడమ కాలు మోకాలి దాకా మడిచాడు. జేబులోంచి పెన్ను తీసి పిక్క మీద ఒక పొట్టి గీత గీశాడు. "నేను నీకు కోసింది ఇంత." దాని పక్కనే మోకాలి నుంచి చీలమండ దాకా ఇంకో గీత గీశాడు. "కోయాల్సింది ఇంత. లోపల నాలుగు గదులుంటాయి. నాలుగూ తెరిస్తేనే కాలు బతుకుతుంది. నేను మూడే తెరిచాను. నాలుగూ తెరిచాననుకున్నాను. మచ్చ చిన్నగా ఉండాలన్న నా యావ వల్ల, లోపల ఏం చేస్తున్నానో నాకే కనబడలేదు. మొన్న శిక్షణలో తెలిసింది."

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. ముందు మాట్లాడింది భర్త. అతని గొంతు ఆ ఆసుపత్రిలో ఎవరూ పెద్దగా విన్నది లేదు.

"మరి... రెండు గంటలు?"

"రెండు గంటల వల్ల ఏమీ కాలేదయ్యా. ఆరు గంటల దాకా టైముంది. నువ్వు తెచ్చేటప్పటికి ఆమె కాలు బతికే ఉంది. నువ్వు టైముకే తెచ్చావు."

ఆ మనిషి తలుపుకు ఆనుకున్నాడు. ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే కిందికి జారి గచ్చు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు. ఏడుపు వినబడలేదు, వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. బయట కిటికీ దగ్గర జనం కేకలు మొదలయ్యాయి. ఎవరో తలుపు కొట్టారు.

"టోకెనమ్మా, లైను పెరిగిపోతోంది!"

"చావరు, ఆగండి!" అని ఆమె అరిచిన అరుపుకు అవతల అంతా సద్దుమణిగింది.

ఆమె డాక్టరు వైపు చూడలేదు. కర్ర పట్టుకుని లేచి, భర్త దగ్గరికి వెళ్ళింది. పెట్టుడు కాలుతో కింద కూర్చోవడం తేలిక కాదు. గోడ పట్టుకుని, నిదానంగా, ఎలాగో కూర్చుంది. అతని తల మీద చెయ్యి వేయబోయి, వేయడానికి మొహం చెల్లనట్టు చొక్కా భుజం పట్టుకుంది.

"మూడేళ్ళు నిన్ను కాల్చుకు తిన్నాను కదయ్యా" అంది. "ఒక్కసారన్నా తిరగబడి ఉండాల్సింది. ఒక్కసారన్నా."

"ఏమని తిరగబడను? నేనూ అదే అనుకున్నాగా" అన్నాడతను మోకాళ్ళలోంచే.

డాక్టరు ఒక కాలి ప్యాంటు మడిచి ఉండగానే నిలబడ్డాడు. దించుకోవాలని కూడా తోచలేదు. తిడుతుందని సిద్ధపడి వచ్చాడు, కొట్టినా పడదామనుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య తనకు చోటే లేదు. చాలాసేపటికి ఆమె తలెత్తింది.

"మీ సంగతి తర్వాత చూస్తాను సార్. అది చిన్న సంగతేం కాదు, మిమ్మల్ని వదిలేశాననుకోకండి."

"అనుకోను."

"ముందు ఇదంతా కాగితం మీద రాయండి. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. నేను చెప్తే మా అమ్మ నమ్మదు. మొగుణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుంటుంది. ఆ కాగితం నేను ఎవరికి చూపించాలంటే వాళ్ళకి చూపిస్తాను. మీ పైవాళ్ళకైనా సరే."

"చూపించు."

అతను కుర్చీలో కూర్చుని ఆసుపత్రి కాగితం తీసి రాశాడు. గాటు పొడవు ఎంత పెట్టిందీ, ఎంత పెట్టాల్సిందీ, ఏ గది మూసి ఉండిపోయిందీ, తప్పు ఎవరిదీ అన్నీ వరసగా రాసి, అన్నిటికంటే చివర ఆలస్యం కారణం కాదని రాశాడు. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆమె నేల మీద కూర్చునే కాగితం దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఇదేం రాత సార్? మందుల చీటీయా? పైగా ఆ ముక్క చివర్లో పెట్టారేంటి? మా అమ్మ ఏదీ చివరిదాకా చదవదు. మొదట ఈయన తప్పేం లేదని రాయండి. టైముకే తెచ్చాడని రాయండి. మీ తప్పు తర్వాత రాసుకోండి." కాగితం వెనక్కి చాపింది. "పెద్ద అక్షరాలతో రాయండి. ఆమెకు చూపు ఆనదు."

డాక్టరు ఇంకో కాగితం తీసుకున్నాడు. బల్ల మీదికి బాగా వంగి, బడిపిల్లవాడిలా ఒక్కో అక్షరం దిద్దుతూ మొదలుపెట్టాడు. 'మీ అల్లుడు టైముకే తెచ్చాడు' అనేసరికే సగం పేజీ నిండింది. తన తప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితంలో చోటు చాలలేదు, ఇంకోటి తీసుకున్నాడు.